తిరుపతి నుంచి విశాఖ రాళ్ల తీరానికి: కుటుంబంతో గాలం వేయడానికి ఎలా వెళ్లాలి

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకు బండ అంటే భయం ఉండదు. అలిపిరి మెట్లు, శ్రీవారి మెట్టు, తలకోన గుండ్లు చిన్ననాటి నుంచి కాళ్లకు అలవాటైనవే. ఆ ధైర్యంతోనే మా రెండు కుటుంబాలు మొదటిసారి విశాఖపట్నం దగ్గర సముద్రపు రాళ్ల మీద గాలాలు పట్టుకుని దిగాయి. అరగంట గడిచిందో లేదో, అంతవరకు పాదాలు కూడా తడపని సముద్రం ఒక్క అలతో మోకాళ్ల దాకా వచ్చింది. మా ఐసు పెట్టె, రెండు జతల చెప్పులు, చిన్నాన్న కొత్తగా కొన్న గాలం కర్ర కళ్ల ముందే కొట్టుకుపోయాయి. మనుషులకు ఏమీ కాలేదు. అది అదృష్టమే తప్ప మా జాగ్రత్త కాదు. ఒడ్డున వల కుట్టుకుంటున్న పెద్దాయన ఒకరు లేచి వచ్చి, "బాబూ, పొడి రాయి మీది, తడి రాయి గంగమ్మది" అన్నారు.

ఆ తర్వాత నాలుగుసార్లు వెళ్లాం. పిల్లలు, పెద్దవాళ్లు అందరూ క్షేమంగా తిరిగి వచ్చారు. ఆ పెద్దాయన మాటను అడుగడుగునా ఎలా పాటించాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు నెల, తర్వాత తిథి

మన వైపు ఇళ్లలో చేపల యాత్రకు నెల కుదరడమే పెద్ద పని. పెరటాసి నెలలో (సెప్టెంబరు-అక్టోబరు) చాలామంది నీచు ముట్టరు. కార్తీకం, ధనుర్మాసం కూడా అంతే. చిత్రంగా సముద్రం లెక్క కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి గాలులకు అలలు పెద్దవిగా లేస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. ఏప్రిల్, మే నెలల్లో పది గంటలకే రాయి పెనంలా కాలుతుంది. ఇవన్నీ తీసేస్తే సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి ఉగాది దాకా మిగులుతుంది. కుటుంబంతో వెళ్లడానికి అదే మంచి కాలం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ ఏర్పాటు. అది ఒడ్డున నిలబడి గాలం వేసేవాళ్లను ఉద్దేశించింది కాదు గాని, బతుకు కోసం వేటాడేవాళ్లే ఆగిన రోజుల్లో సరదా కోసం వెళ్లినవాళ్లు ఆగకపోవడం నాకు న్యాయంగా తోచదు.

నెల కుదిరాక గోడ మీది క్యాలెండరులో తిథి చూడండి. అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో ఆటుపోట్లు పెద్దవి. నీరు బాగా లోపలికి తీస్తుంది, అంతే బలంగా తిరిగి వస్తుంది. అష్టమి, నవమి ప్రాంతంలో ఆ తేడా తక్కువ. అలవాటైనవాళ్లు పెద్ద పోటునే కోరుకుంటారు, చేప కదలిక ఎక్కువని. పిల్లలతో వెళ్లేవాళ్లు మాత్రం అష్టమి నుంచి దశమి మధ్య పెట్టుకోండి. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే పోటు వేళ రోజుకు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. నిన్న ఈ వేళకు ఈ రాయి పొడిగా ఉంది గదా అని ఈ రోజు నమ్మి కూర్చోకూడదు.

బయల్దేరే ముందు రోజు, దిగే రోజు ఉదయం హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సూచనలు తప్పకుండా చూడండి. అలల ఎత్తు, గాలి, ఆటుపోట్ల వేళలు అందులో ఉంటాయి. ఆకాశం నిర్మలంగా ఉండి, ఆకు కూడా కదలని రోజున ఎక్కడో దూర సముద్రంలో రేగిన గాలుల వల్ల పెద్ద అలలు ఒడ్డుకు చేరవచ్చు. కేరళ మత్స్యకారులు దీన్ని 'కల్లక్కడల్' అంటారు, దొంగ సముద్రమని అర్థం. ఇన్‌కాయిస్ ఆ పేరుతోనే హెచ్చరికలు ఇస్తుంది. హెచ్చరిక ఉంటే ఆ రోజు రాళ్ల జోలికి వెళ్లకండి, ఇసుక ఒడ్డున కూర్చుని పులిహోర తినండి.

ఎవరు వస్తారు, ఎవరు చూస్తారు

ఎనిమిది, పది మందికి మించకుండా వెళ్లండి. అందులో గాలం వేసేవాళ్లు నలుగురు చాలు. మిగిలినవాళ్లలో ఒకరికి ఒకే పని అప్పగించాలి: గాలం ముట్టకుండా, ఫోను చూడకుండా, సముద్రాన్నే చూస్తూ కూర్చోవడం. పెద్ద అల కనబడితే ఒక్క ఈల. ఈల వినబడగానే చేప గాలానికి ఉన్నా సరే అందరూ వెనక్కి. మా ఇంట్లో ఈ పని మా పిన్నిది. ఆమె చేప తినదు, పట్టడమూ ఇష్టం లేదు, కానీ ఆమె రాకపోతే మేము రాళ్లమీదికి దిగం. అరగంటకోసారి మనిషి మారితే ఇంకా మంచిది, కన్ను అలిసిపోదు.

శాకాహారుల వంట గిన్నెలు వేరుగా పెట్టుకోవడం, శనివారం నీచు తినని పెద్దవాళ్లుంటే ఆ రోజు ప్రయాణానికి వాడుకోవడం వంటివి ముందే మాట్లాడుకోండి. సముద్రం ఒడ్డుకు వెళ్లాక ఈ మాటలు వస్తే ఒక పూట పోతుంది.

చోటు ఎంచుకోవడం

2022 ఏప్రిల్‌లో ఏర్పడిన మన తిరుపతి జిల్లాకు సొంత సముద్రం ఉంది. వాకాడు మండలంలోని తూపిలిపాళెం తీరానికి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అక్కడ రాళ్లు లేవు, అంతా ఇసుకే. విశాఖకు వెళ్లే ముందు ఒక ఆదివారం అక్కడ గాలం విసరడం నేర్చుకోండి. పులికాట్ సరస్సు పక్షుల అభయారణ్యం, శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఉన్న చోటు. ఆ రెండు వైపులకూ గాలాలతో వెళ్లకండి.

రాళ్ల తీరం కావాలంటే విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారి మంచిది. రోడ్డు పొడుగునా ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం. తొట్లకొండ దగ్గర మంగమారిపేటలో అలలు తొలిచిన సహజ శిలాతోరణం ఒకటి ఉంది. తిరుమల శిలాతోరణం చూసిన కళ్లతో దాన్ని చూస్తే మన ఊరి బంధువు కనబడినట్టుంటుంది. చూసి ఆనందించండి, దాని మీదికి ఎక్కకండి, కింద నిలబడకండి. రుషికొండ దగ్గర ఈతకు దిగేవాళ్లు ఎక్కువ. మనుషులు నీళ్లలో ఉన్నచోట గాలం విసరకూడదు. యారాడ వైపు నౌకాదళ పరిధిలోని ప్రాంతాలున్నాయి, బోర్డు కనబడిన చోట ఆగిపోండి.

ఏ చోటైనా ముందు పక్క పల్లెలోని మత్స్యకారులను అడగండి. "అన్నా, ఈ రాళ్ల మీద కూర్చోవచ్చా? నీరు ఎక్కడిదాకా వస్తుంది?" అని అడిగితే ఏ యంత్రమూ చెప్పలేని సంగతి చెబుతారు. వాళ్లు అలివి వల లాగుతున్న వైపు, తెప్పలు దించే దారిలో గాలం వేయకండి. వల దారం ఒక్కటి తెగినా వాళ్లకు ఒక పూట కూలి పోతుంది.

సామాను

మొదటిసారికి ఖరీదైనవి వద్దు. ఎనిమిది నుంచి పది అడుగుల గాలం కర్ర, దానికి తగిన రీలు, 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మందం తంగూసు (నైలాన్ దారం), చిన్న, మధ్యరకం గాలపు ముళ్లు రెండేసి డజన్లు, నీటి మీద తేలే బెండ్లు ఆరు. ఇద్దరికి ఒక కర్ర ఉంటే చాలు. చేతి గాలం కూడా మంచిదే, పిల్లలకు చేప లాగడం వేళ్లకు నేరుగా తెలుస్తుంది. అయితే తంగూసు కోసుకోకుండా చూపుడు వేలికి గుడ్డ చుట్టాలి.

రాళ్ల తీరంలో ఎక్కువగా పోయేది బరువు. సీసం గుండు రాతి సందులో ఇరుక్కుంటుంది, లాగితే తంగూసు మొత్తం తెగుతుంది. దీనికి ఉపాయం ఉంది. బరువును అసలు తంగూసుకు కట్టకుండా, అంతకంటే సన్నని దారంతో జానెడు కిందకు వేలాడదీయండి. ఇరుక్కుంటే ఆ సన్నని దారమే తెగి, ముల్లూ చేపా మీకు దక్కుతాయి. సీసం సముద్రానికి విషం. దాని బదులు పాత స్పార్క్ ప్లగ్గులు వాడవచ్చు. బైకు మెకానిక్ దగ్గర అడిగితే గుప్పెడు ఇస్తాడు. నూనె మరక పోయేలా సబ్బుతో కడిగి పట్టుకెళ్లండి.

కాళ్లకు హవాయి చెప్పులు పనికిరావు. అడుగున గాట్లున్న, మడమ పట్టే బూట్లు కావాలి. పిల్లలకూ, ఈత రానివాళ్లకూ లైఫ్ జాకెట్ లేనిదే రాళ్ల మీద అడుగు పెట్టనివ్వకండి. 15 మీటర్ల తాడు ఒకటి, దాని కొసకు గట్టిగా మూత బిగించిన అయిదు లీటర్ల ఖాళీ డబ్బా కట్టి ఉంచండి. కటింగ్ ప్లేయర్, ఈల, టోపీలు, మనిషికి మూడు లీటర్ల మంచినీళ్లు, మందుల డబ్బా. గాలం కర్రలను రైలులో తీసుకెళ్లడానికి విడదీసి, వెడల్పాటి పీవీసీ గొట్టంలో పెట్టి రెండు వైపులా మూతలు బిగించండి, బెర్తు కింద పడుకుంటుంది.

డాబా మీద నేర్చుకోవలసిన ముడి

ఈ ఒక్క ముడి వస్తే చాలు. తంగూసు కొసను ముల్లు కన్నంలోంచి దూర్చి జానెడు బయటికి లాగండి. ఆ కొసను అసలు తంగూసు చుట్టూ అయిదారు చుట్లు తిప్పండి. ఇప్పుడు కన్నం పక్కనే ఒక చిన్న సందు ఏర్పడుతుంది. కొసను ఆ సందులోంచి దూర్చి, అప్పుడు కొత్తగా ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి కూడా దూర్చండి. బిగించే ముందు ముడిని ఉమ్మితోనో నీళ్లతోనో తడపాలి. పొడిగా లాగితే రాపిడికి వేడి పుట్టి తంగూసు అక్కడే బలహీనపడుతుంది, పెద్ద చేప పడినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. తడిపి మెల్లగా లాగితే చుట్లు ఒకదాని పక్కన ఒకటి పాము చుట్టలా సర్దుకుని కన్నం మీదికి దిగుతాయి. మిగిలిన కొసను రెండు మిల్లీమీటర్లు ఉంచి కత్తిరించండి. ఇంటి డాబా మీద ఇరవై ముళ్లకు కడితే ఇరవయ్యొకటోది చీకట్లో కూడా కట్టగలరు.

అక్కడే ముల్లు లేకుండా బరువు మాత్రం కట్టి, దూరంగా పెట్టిన బక్కెట్టు మీదికి విసరడం నేర్పండి. విసిరే ముందు వెనక్కి తిరిగి చూడటం, "వేస్తున్నా" అని గట్టిగా అనడం ఇక్కడే అలవాటు కావాలి. పిల్లల ముళ్లకు కొన దగ్గరి ఎదురుముల్లును ప్లేయర్‌తో నొక్కి చదును చేయండి. ఒకటి రెండు చేపలు జారిపోతాయేమో గాని, పొరపాటున వేలికి దిగినా సులువుగా వస్తుంది.

ప్రయాణం, బస

తిరుపతి నుంచి విశాఖకు సుమారు 750 కిలోమీటర్లు. పిల్లలతో కారు కంటే రాత్రి రైలు నయం. రుషికొండకూ భీమిలికీ మధ్య, వండుకోవడానికి వీలున్న బస చూసుకోండి. మొదటి రోజు గాలం తీయకండి. సాయంత్రం రాళ్ల దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లి చూసి రండి. రెండో రోజు తెల్లవారుజామున విశాఖ చేపల రేవుకు వెళ్తే ఎరకు చిన్న రొయ్యలు దొరుకుతాయి, వేలంపాట చూడటం పిల్లలకు పండుగ.

దిగే ముందు ఇరవై నిమిషాలు

ఈ అడుగును ఎవరూ దాటేయకూడదు. సామాను దించకుండా, ఎత్తుగా ఉన్న చోట నిలబడి ఇరవై నిమిషాలు సముద్రాన్ని చూడండి. అలలన్నీ ఒక్క తీరుగా రావు. చిన్నవి చాలాసేపు వచ్చాక పెద్దవి నాలుగైదు వరుసగా వస్తాయి. ఆ వరుసలో అన్నిటికంటే పెద్దది ఎక్కడిదాకా తడిపిందో గుర్తు పెట్టుకోండి. మీరు కూర్చునే చోటు ఆ గీతకు చాలా పైన ఉండాలి.

తర్వాత రాయిని చదవండి. ఆకుపచ్చ పాచి పట్టిన రాయి జారుతుంది. ఎంత మంచి బూట్లున్నా దాని మీద కాలు పెట్టకండి. నల్లగా మెరిసే రాయి ఇంకా తడిగా ఉన్నట్టు. చిన్న చిన్న తెల్లని గుల్లలు గరుకుగా అంటుకుని ఉంటే అక్కడికి నీరు రోజూ వస్తుందని అర్థం. ఏ జీవమూ అంటుకోకుండా, వెలిసిన రంగులో, చేత్తో రాస్తే పొడిగా ఉన్న రాయే మీది. అక్కడి నుంచి ఒడ్డుకు తిరిగి వెళ్లే దారిలో పల్లం ఉందేమో కూడా చూడండి. మీరు కూర్చున్న రాయి పొడిగానే ఉండి, వెనకాల పల్లంలోకి నీరు చేరి దారి మూసుకుపోవడమే చాలా ప్రమాదాలకు మూలం.

వేళ విషయానికి వస్తే, నీరు పూర్తిగా తీయడానికి రెండు గంటల ముందు దిగి, పోటు మొదలైన గంటకల్లా సర్దుకుని పైకి వచ్చేయండి. పోటు నీళ్లలో చేప బాగా పడుతుందని చెబుతారు, నిజమే. అప్పుడు వేయాలనుకుంటే పై బండ మీద నుంచి వేయండి.

గాలం వేయడం

రాళ్ల దగ్గర అడుగు గాలం కంటే బెండు గాలం సుఖం. బెండుకు నాలుగు నుంచి ఆరు అడుగుల కింద ముల్లు వేలాడేలా కట్టండి. రొయ్య తల తుంచి, తోక వైపు నుంచి ముల్లును గుచ్చి, ఒంటి వంపులోనే ముల్లు వంపు ఒదిగేలా కిందికి నడిపించి, కొన మాత్రం బయటికి కనబడేలా ఉంచండి. తెల్లని నురుగు అలలు విరిగి వెనక్కి తగ్గే చోటికి విసరండి. అలలు రాళ్లను గీకినప్పుడు ఊడే చిన్న జీవాల కోసం చేపలు అక్కడికే వస్తాయి.

బెండు వణికిన వెంటనే లాగకండి. చిన్న చేపలు ఎరను పొడుస్తుంటే అది అలాగే వణుకుతుంది. ఒక్కసారిగా మునిగినప్పుడు, లేదా పక్కకు పరుగెత్తినప్పుడు మణికట్టుతో చిన్నగా ఎగదీయండి. పెద్ద చేపైతే దాన్ని అందుకోవడానికి కింది రాళ్ల మీదికి దిగకూడదు. అల వచ్చేటప్పుడు అలతో పాటు పైకి లాగండి, లేదంటే వదిలేయండి.

ఏం చేసినా సముద్రానికి వీపు చూపకండి. ఎర గుచ్చేటప్పుడు కూడా ముఖం నీటి వైపే ఉండాలి.

చేప పడ్డాక

గొరక పడితే గుర్రుగుర్రుమంటుంది, పిల్లలు అదిరిపడతారు. పారలు బలంగా గుంజుతాయి. జెల్ల పడితే చేత్తో పట్టకండి. వీపు మీద ఒకటి, రెండు పక్కలా రెండు ముళ్లుంటాయి, గుచ్చుకుంటే రోజంతా సలుపు. టేకు చేప తోక ముల్లు ఇంకా ప్రమాదం, తంగూసు కోసి వదిలేయండి. పొట్టను బెలూనులా ఉబ్బించే చేపను వండనే కూడదు. దాని విషం ఉడికించినా పోదు, ప్రాణం తీస్తుంది. పేరు తెలియని చేప ఏదైనా పల్లెవాళ్లకు చూపించాకే ఉంచుకోండి.

ముల్లు గుచ్చుకుంటే గాయాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర ఉంచాలి. చాలా చేపల విషం వేడికి బలం కోల్పోతుంది. నీళ్ల వేడిని గాయపడని చేత్తో చూడండి, నొప్పిలో చెయ్యి కాలినా తెలియదు. ఇందుకోసమే ఫ్లాస్కు నిండా వేడి నీళ్లు తీసుకెళ్లండి. ఆ తర్వాత ఆస్పత్రికి. గాలపు ముల్లు ఎదురుముల్లు దాకా దిగితే మీరు పెరకకండి, తంగూసు కోసేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

చేయెడంత కూడా లేని పిల్ల చేపలను చెయ్యి తడుపుకుని పట్టుకుని నీళ్లలో వదలండి. ఉంచుకున్న వాటిని వెంటనే నలగ్గొట్టిన ఐసులో పూడ్చాలి. మన ఎండకు కిలో చేపకు కిలో ఐసు లెక్క. కానాగంతల వంటి చేపలు ఎండలో ఉంటే వాటిలో దద్దురు, తలనొప్పి తెచ్చే పదార్థం పుడుతుంది, ఎంత ఉడికించినా అది పోదు.

తెగిన తంగూసు ముక్క కూడా రాళ్ల మీద వదలకండి. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటి మెడకు, రెక్కలకు చుట్టుకునేది ఇలాంటి దారమే. ఖాళీ నీళ్ల సీసాలో తంగూసు ముక్కలు, విరిగిన ముళ్లు వేసి మూత బిగించి వెంట తెచ్చుకోండి.

ఎవరైనా నీళ్లలో పడితే

వెంటనే దూకకండి. కాపాడటానికి దూకినవాళ్లే మునిగిన సంఘటనలు చాలా ఉన్నాయి. తాడు కట్టిన డబ్బాను విసరండి. పడినవాళ్లు రాయిని పట్టుకోవాలని చూస్తారు, అల వాళ్లను దానికే కొడుతుంది. "రాళ్లకు దూరంగా వెళ్లు, డబ్బా పట్టుకుని తేలు" అని అరవండి. ఒకరు 112కి, తీర రక్షక దళం నంబరు 1554కి ఫోను చేయాలి. ఇంకొకరు పల్లెలోకి పరుగెత్తాలి. తెప్పవాళ్లే ముందుగా చేరుకుంటారు. ఎవరు ఏ పని చేయాలో ఉదయమే పంచుకుని, ఒక్కసారి అందరిచేత పలికించండి.

సాయంత్రం

బసకు రాగానే రీళ్లు, ముళ్లు, ప్లేయర్ మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి. ఉప్పు ఒక్క రాత్రిలో తుప్పు పట్టిస్తుంది. చేపల తలలు, పేగులు ఒడ్డున పారేయకుండా పల్లెలో అడిగి వాళ్లు చెప్పిన చోట వేయండి.

పులుసుకు ఇంటి నుంచి తెచ్చిన చింతపండు, మిరపపొడి, వేయించి దంచిన ధనియాలు, మెంతులు చాలు. పుల్లమామిడి దొరికితే నాలుగు ముక్కలు. ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా గిన్నెనే గుడ్డతో పట్టుకుని తిప్పండి. మాతో రాగిపిండి ఎప్పుడూ ఉంటుంది. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి పులుసు పోసుకుంటే విశాఖ స్నేహితులు కూడా రెండో ముద్ద అడుగుతారు. గిన్నె అడుగున కాస్త మిగిల్చి, రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టి, ఉదయం బాగా మరిగించండి. రైలెక్కే ముందు ఇడ్లీలోకి అదే.